బయానా ఒకరిది... భయం ఇద్దరిది

అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ అగ్రిమెంట్ల మీద సాగే భూవ్యాపారం తప్పేమీ కాదు. లాభం వెళ్లే చోటికి నష్టభయం వెళ్లకపోవడమే దాని జబ్బు. మందు ఒక్కటే: అమ్మేవాడు, కొనేవాడు, మధ్యవర్తి ముగ్గురూ ఒకే కాగితం మీదికి రావడం.

హైదరాబాద్ చుట్టుపక్కల గానీ, గుంటూరు–విజయవాడ నడుమ గానీ భూమి అగ్రిమెంటు తీసి చూస్తే ఒక షరతు తరచూ కనిపిస్తుంది. మిగతా సొమ్ము ముట్టిన వెంటనే ‘మీకు గాని, మీరు చూపిన వారికి గాని’ రిజిస్టరు చేయించి ఇవ్వగలమని అమ్మేవాళ్లు రాసిస్తారు. డాక్యుమెంట్ రైటరు దాన్ని అలవాటుగా రాస్తాడు, రైతు అలవాటుగా సంతకం పెడతాడు. ఈ ఒక్క షరతు ఆసరాగా పెద్ద వ్యాపారమే నడుస్తోంది. భూమి కొనకుండానే, కొనే ఉద్దేశం కూడా లేకుండానే మధ్యవర్తులు కొంత బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుంటారు. గడువు లోపల ఎక్కువ రేటుకు మరో పార్టీని వెతికి, రైతు చేత నేరుగా ఆ పార్టీ పేర రిజిస్ట్రేషన్ చేయించి, మధ్యలోని తేడా తీసుకుంటారు. అమెరికాలో ఇదే పనిని రియల్ ఎస్టేట్ హోల్‌సేలింగ్ అంటారు, దాన్ని నేర్పుతామంటూ కోర్సులు కూడా అమ్ముతారు. మన దగ్గర కోర్సులు అక్కర్లేదు. బయానాకు సరిపడా డబ్బు, పది ఊళ్లలో పరిచయాలు ఉంటే చాలు.

ఈ వ్యాపారాన్ని దళారీతనం అని ఒక్క మాటతో కొట్టిపారేయడం తేలిక, కానీ న్యాయం కాదు. అమ్మదలచిన రైతుకు కొనేవాళ్లు ఎక్కడున్నారో తెలియదు. కొనాలనుకునే ఉద్యోగికి ఏ సర్వే నంబరులో చిక్కులు లేవో తెలియదు. ఇద్దరినీ కలపడం, అన్నదమ్ముల వాటాలు తేల్చడం, సర్వే చేయించి హద్దురాళ్లు పాతించడం ఊరికే జరిగే పనులు కావు, వాటికి ప్రతిఫలం ఉండాల్సిందే. పేచీ లాభం దగ్గర లేదు. వ్యాపారంలో లాభం ఆశించేవాడు నష్టభయాన్ని కూడా మోయాలి. అగ్రిమెంటు వ్యాపారంలో లాభం మధ్యవాడిది, నష్టభయం మాత్రం రెండు చివర్ల ఉన్నవాళ్లది. రైతు తన కాలాన్ని, కొనేవాడు తన డబ్బును పణంగా పెడతారు, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. బేరం నిర్మాణంలోనే ఉన్న ఈ లోపాన్ని అక్కడే సరిచేయాలి.

అయిదు లక్షలతో కోటిన్నర బేరం

ఒక ఊహాత్మక బేరం తీసుకుందాం. రెండెకరాలు, ఎకరం 60 లక్షలు, మొత్తం 1.20 కోట్లు. మధ్యవర్తి 5 లక్షలు బయానా ఇచ్చి మూడు నెలల గడువుతో అగ్రిమెంటు చేసుకున్నాడు. నెల తిరిగేసరికి ఎకరం 75 లక్షలకు ఒక పార్టీని తెచ్చి, 1.50 కోట్లకు ఆ పార్టీతో వేరే అగ్రిమెంటు రాసుకుని 30 లక్షలు అడ్వాన్సు తీసుకున్నాడు. అందులో 20 లక్షలు రైతుకు రెండో విడతగా ఇచ్చాడు, 10 లక్షలు తన దగ్గర ఉంచుకున్నాడు. ఈ క్షణం నుంచి ఈ బేరంలో అతని సొంత డబ్బు ఒక్క రూపాయి కూడా లేదు. పెట్టిన 5 లక్షలు వెనక్కి వచ్చాయి, పైన మరో 5 లక్షలు చేతిలో ఉన్నాయి. ఇప్పుడు రైతు ఇంటి ఆడపడుచు వచ్చి తన వాటా తేల్చలేదని కోర్టుకు వెళ్లిందనుకోండి. 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఉంది కాబట్టి ఆమె దావాను తీసిపారేయలేం. రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. కొనేవాడి 30 లక్షల్లో 20 రైతు దగ్గర, 10 మధ్యవర్తి దగ్గర ఉన్నాయి. కొనేవాడికీ రైతుకూ మధ్య కాగితమే లేదు. రైతు తిరిగి ఇవ్వాలన్నా ఆ డబ్బు మధ్యవర్తికే ఇవ్వాలి, ఎందుకంటే అతని అగ్రిమెంటు మధ్యవర్తితోనే.

ఇక రేటు సంగతి చూద్దాం. మూడు నెలల్లో ఎకరం 90 లక్షలకు చేరితే ఆ పెరుగుదలలో రైతుకు పైసా రాదు, ఎందుకంటే 60 లక్షలకు సంతకం పెట్టేశాడు. ఎకరం 50 లక్షలకు పడిపోతే మధ్యవర్తి ‘పార్టీ సర్దుకోలేదు’ అని గడువు అడుగుతాడు, ఆ తర్వాత ఫోను ఎత్తడు. అంటే 5 లక్షలతో అతను కొన్నది భూమిని కాదు, మూడు నెలలపాటు తనకు నచ్చితే కొనే, నచ్చకపోతే వదిలేసే వెసులుబాటును. షేర్ మార్కెట్లో ఇలాంటి వెసులుబాటును ఆప్షన్ పేరుతో ధర కట్టి అమ్ముతారు, అక్కడ అమ్మేవాడికి తాను ఏం అమ్ముతున్నాడో తెలుసు. ఇక్కడ రైతు భూమి అమ్మేశాననుకుంటాడు. ఆ నమ్మకంతో కూతురి పెళ్లి ముహూర్తం పెట్టుకుంటాడు, మరో ఊళ్లో చౌకగా దొరికే పొలానికి తానూ బయానా ఇస్తాడు. అమరావతి ప్రాంతంలో 2015 తర్వాత ఎగబాకిన రేట్లు 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటనతో కుదేలైనప్పుడు, చేతులు మారే అగ్రిమెంట్ల గొలుసులో ఒక్క లంకె తెగితే రెండు వైపులా ఎందరు ఇరుక్కుంటారో రాష్ట్రమంతా చూసింది.

కాగితానికి ఉన్న బలం ఎంత?

అగ్రిమెంటు చేతిలో ఉంటే భూమి సగం తమదైపోయినట్టే అనుకునేవాళ్లు చాలామంది. చట్టం అలా అనడం లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం అమ్మకపు ఒప్పందం దానంతట అది ఆస్తిలో ఎలాంటి హక్కునూ పుట్టించదు. అది చేతికిచ్చేది ఒప్పందాన్ని అమలు చేయించమని అడిగే హక్కును మాత్రమే. అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), వీలునామా మూడూ కలిపి రాయించుకుని రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకునే పద్ధతి యాజమాన్యాన్ని బదిలీ చేయదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. 2025 ఏప్రిల్‌లో బెంగళూరుకు చెందిన ఒక విద్యాసంస్థ కేసులోనూ ఇదే మాట మళ్లీ అంది. అగ్రిమెంటు ఉన్నంత మాత్రాన, ఆస్తి స్వాధీనంలో ఉన్న మూడో వ్యక్తి మీద దావా వేసే హక్కు రాదంది. ఆ కేసులో 75 లక్షలు నగదుగా ఇచ్చామని చెప్పుకోవడాన్ని కూడా కోర్టు వదల్లేదు. 2 లక్షలు, అంతకు మించి నగదు చేతులు మారిందని దావాల్లో చెబితే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని కోర్టులను ఆదేశించింది.

అలాగని అగ్రిమెంటు చేతులు మారడాన్ని చట్టం నిషేధించలేదు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఒక పక్షం హక్కు పొందినవాళ్లు కూడా దాని అమలు కోరవచ్చు. బదిలీ చేయరాదని ఒప్పందంలో రాసుకున్నా, ఆ మనిషి స్తోమతనో ప్రత్యేకతనో చూసి కుదుర్చుకున్నదైనా మాత్రం కుదరదు. పేచీ వస్తే దావా వేయడానికి గడువు మూడేళ్లు. 2018 సవరణ తర్వాత అమలు చేయించమని ఆదేశించడం కోర్టు ఇష్టాయిష్టాలకు వదిలేసిన విషయం కాదు. అయితే డబ్బు సిద్ధంగా ఉంది, తానూ సిద్ధంగా ఉన్నానని అడిగేవాడు నిరూపించుకోవాలి. రైతుకు ఇక్కడే చిక్కు. రేటు పెరిగాక, 5 లక్షల బయానా ఇచ్చినవాడు దావా వేస్తే చివరికి ఓడిపోవచ్చు, కానీ అది తేలేదాకా ఆ భూమి ఎవరు కొన్నా దావా ఫలితానికి కట్టుబడాల్సిందే. అలాంటి భూమికి సరైన రేటు పెట్టేవాళ్లు దొరకరు. అగ్రిమెంట్లను కూడా రిజిస్టర్ చేయించాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లోనే సవరణ తెచ్చారు. అయినా 100 రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ ముద్రతో బేరాలు నడుస్తూనే ఉన్నాయి. రిజిస్టర్ కాని అగ్రిమెంటు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్)లో కనిపించదు. కనిపించని కాగితం ఎన్ని చేతులు మారినా ఆఖరున కొనేవాడికి తెలిసే దారి లేదు.

లెక్కలో కనిపించని 30 లక్షలు

మన ఊహాత్మక బేరం సాఫీగానే సాగి రిజిస్ట్రేషన్ దాకా వచ్చిందనుకుందాం. దస్తావేజులో అమ్మినది రైతు, కొన్నది ఆఖరి పార్టీ. మధ్యవర్తి పేరు ఎక్కడా ఉండదు, ఉంటే సాక్షి సంతకం దగ్గర ఉంటుంది. మరి క్రయధనం ఎంత రాయాలి? 1.50 కోట్లు రాస్తే రైతు చూడని 30 లక్షలు అతని ఖాతాలో పడ్డట్టు లెక్క. పది లక్షలకు మించిన జనాభా ఉన్న నగరం హద్దుకు ఎనిమిది కిలోమీటర్ల లోపు భూమి అయితే వ్యవసాయ భూమి అన్న మినహాయింపు లేదు. రాని లాభానికి రైతు పన్ను కట్టాలి. 1.20 కోట్లే రాస్తే కొనేవాడు ఇచ్చిన 30 లక్షలకు ఆధారం లేదు. రేపు అతను అమ్ముకునేటప్పుడు కొన్న ధర 1.20 కోట్లుగానే లెక్కేస్తారు, చేతి నుంచి పోయిన డబ్బుకు కూడా లాభమని పన్ను పడుతుంది. రెండు దారుల్లోనూ మధ్యవర్తి ఆదాయపు పన్ను భారం మరొకరి నెత్తిన పడుతుంది. నగదు సంగతి ఇంకా ఘోరం. స్థిరాస్తి బేరంలో 20 వేలు, అంతకు మించి అడ్వాన్సును నగదుగా తీసుకోకూడదని 2015 జూన్ నుంచి నిబంధన ఉంది. ఉల్లంఘిస్తే తీసుకున్న మొత్తమంత జరిమానా పడుతుంది, అదీ తీసుకున్నవాడికి. రెండు పక్షాలకూ వ్యవసాయ ఆదాయమే తప్ప పన్ను పడే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది. భూమి వ్యాపారం చేసే మధ్యవర్తి ఆ మినహాయింపులోకి వచ్చే సందర్భం అరుదు. నోట్ల కట్టలు లెక్కపెట్టి బయానా పుచ్చుకునే రైతుకు ఆ సంగతి ఎవరు చెబుతారు?

ఈ గొలుసు ఆఖరి లంకె చాలాసార్లు విదేశాల్లో ఉంటుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే ఉద్యోగి వాట్సాప్‌లో వచ్చిన వీడియో, గూగుల్ మ్యాప్ లొకేషన్ చూసి డబ్బు పంపిస్తాడు. విదేశీ మారక ద్రవ్య నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు ఇక్కడ ఇళ్లు, ప్లాట్లు కొనవచ్చు కానీ వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్‌లు కొనకూడదు. అందుకే కొన్ని బేరాల్లో ‘మీరు చూపిన వారికి గాని’ అన్న షరతు ఆయుధమవుతుంది. బంధువు పేర రిజిస్ట్రేషన్ చేయిద్దామనో, వెంచర్ అయ్యాక మీ పేర మారుద్దామనో చెబుతారు. అలా డబ్బు పెట్టినవాడి చేతిలో నిలబడే కాగితం ఉండదు, పేచీ వస్తే ఫిర్యాదు చేయడానికీ వెనుకాడాలి. నిబంధన తెలిసిన మధ్యవర్తికి అతని ఆ మౌనమే రక్ష.

మధ్యవర్తుల వాదనలో నిజమెంత?

మధ్యవర్తుల వైపు నుంచి మూడు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: రైతు అడిగిన రేటు రైతుకు ఇచ్చాం, ఆ పైన ఎంత వచ్చినా మాది, బట్టల కొట్టువాడు కొన్న ధర చెబుతాడా? బట్టల కొట్టువాడు సరుకు కొని అల్మరాలో పెట్టుకున్నాడు. అమ్ముడుపోకపోతే ఆ నష్టం అతనిదే. అలా నిజంగా కొని, తన పేర రిజిస్ట్రేషన్ చేయించుకుని, మర్నాడే రెట్టింపుకు అమ్మినా అడిగే హక్కు ఎవరికీ లేదు. కొనకుండా కొన్నవాడి స్వేచ్ఛను కోరడం దగ్గరే తేడా వస్తోంది. రెండోది: రెండుసార్లు రిజిస్ట్రేషన్ చేయిస్తే ఖర్చు తట్టుకోలేం. ఇందులో నిజముంది. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపితే సాధారణంగా ఏడున్నర శాతం. 1.20 కోట్ల దస్తావేజుకు అది 9 లక్షలు. మధ్యవర్తి కూడా కొని అమ్మాలంటే ఆ 9 లక్షలు అదనం, చివరికి అది కొనేవాడి మీదే పడుతుంది. కాబట్టి ప్రతి మధ్యవర్తీ కొని తీరాలనడం సబబు కాదు. హక్కును బదిలీ చేసుకునే దారి ఉండాలి, అది బాహాటంగా ఉండాలి.

మూడో అభ్యంతరం అన్నింటికంటే బలమైనది. తేడా ఎంతో చెప్పేస్తే రైతూ పార్టీ కలిసిపోయి తమను పక్కనపెడతారని మధ్యవర్తుల భయం. ఇది వట్టి అనుమానం కాదు. మధ్యవర్తితో పొలం చూపించుకుని, మరుసటి వారం రైతు ఇంటికి నేరుగా వెళ్లే కొనుగోలుదారులూ ఉన్నారు. ఒకే భూమికి ఇద్దరి దగ్గర బయానా తీసుకునే అమ్మకందారులూ ఉన్నారు. కానీ ఈ భయానికి విరుగుడు రహస్యం కాదు, గట్టి కాగితం. సరైన బయానా ఇచ్చి, అగ్రిమెంటు రిజిస్టర్ చేయించుకుని, బదిలీ హక్కు స్పష్టంగా రాయించుకున్న మధ్యవర్తిని ఎవరూ పక్కకు నెట్టలేరు. ఆ అగ్రిమెంటు ఈసీలో కనిపిస్తుంది కాబట్టి తర్వాత కొనేవాడు తెలియదని బుకాయించలేడు. బలహీనమైన కాగితం పట్టుకున్నవాడికే రహస్యం అవసరం. రిజిస్టర్ చేసిన అగ్రిమెంటును మధ్యవర్తి మాట తప్పాక రద్దు చేయించడం రైతుకు కష్టమన్నది కూడా నిజమే. అందుకే గడువు తక్కువ ఉండాలి, బయానా ఎక్కువ ఉండాలి. ఆ కష్టానికి సరిపడా పరిహారం కళ్లముందు లేకపోతే రైతు సంతకం పెట్టకూడదు.

అమెరికా రాష్ట్రాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడా ఇళ్ల ధర తెలియని ముసలివాళ్ల దగ్గర, అప్పుల్లో ఉన్నవాళ్ల దగ్గర చవగ్గా ఒప్పందాలు రాయించుకుని వాటిని అమ్ముకోవడం మీద ఫిర్యాదులు వచ్చాయి. 2019లో ఇల్లినాయ్ తన చట్టాన్ని మార్చి, 12 నెలల్లో రెండు లేదా అంతకు మించి ఇలాంటి బేరాలు చేసేవాళ్లకు బ్రోకర్ లైసెన్సు ఉండాలంది. 2021లో ఓక్లహామా, 2024లో పెన్సిల్వేనియా కూడా ఈ వ్యాపారం మీద చట్టాలు చేశాయి. ఇల్లినాయ్ పద్ధతిలో గమనించాల్సింది, ఆ రాష్ట్రం ఈ పనిని నేరమనలేదు. ఇది వృత్తి, చేసేవాడు లెక్కలోకి రావాలంది. మన 2016 రెరా చట్టంలోనూ ఆ సూత్రం ఉంది. రిజిస్టర్ అయిన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించే ఏజెంటు రిజిస్టర్ చేసుకోవాలి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి బిల్డరు తీసుకోకూడదు. అయితే రెరా చూపు ప్రాజెక్టుల వరకే. సర్వే నంబర్ల మీద నడిచే పొలాల బేరాలు దానికి అందవు. పైగా ‘నేను ఏజెంటును కాదు, అగ్రిమెంటుదారును’ అని మధ్యవర్తి తప్పుకోవచ్చు. ఆ సందును మూసే పని ప్రభుత్వాలది. అవి కదిలేదాకా ఆ పనిని బేరంలోని కాగితమే చేయాలి.

ముగ్గురూ ఒకే కాగితం మీద

ఆ కాగితం ఎలా ఉండాలి? ముందు మధ్యవర్తి తాను ఏ పాత్రలో ఉన్నాడో తేల్చుకోవాలి. కమీషన్ మీద పార్టీని తెచ్చే బ్రోకరా, తన పేర కొనేవాడా, హక్కును బదిలీ చేసేవాడా? మూడూ మర్యాదైన పాత్రలే. బ్రోకరు బాధ్యత లేకుండా, కొనేవాడి పెట్టుబడి లేకుండా, బదిలీదారు పారదర్శకత లేకుండా మూడింటి లాభాన్నీ ఒక్కడే తీసుకోవడమే మోసం. బదిలీ దారి ఎంచుకుంటే బయానాకు ముందే ఈసీ, పహాణీ, పాస్‌బుక్కు, 22-ఏ నిషేధిత జాబితా, వారసుల సంతకాలు చూసుకోవాలి. అసైన్డ్ భూమి అని తర్వాత తేలితే అందరి శ్రమా వృథా. అగ్రిమెంటులో బయానా ఎంతో, విడత ఎంతో విడివిడిగా రాయాలి. గడువు దాటితే జప్తు చేసుకోగలిగేది బయానానే, ధరలో భాగంగా ఇచ్చిన విడతలను కాదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యవర్తి తప్పితే బయానా రైతుది, టైటిల్లో లోపం బయటపడితే బయానా తిరిగి ఇవ్వాలి. ‘మీరు చూపిన వారికి’ అన్న గాలి షరతు తీసేసి, ఫలానా తేదీలోపు రాతపూర్వకంగా తెలిపి, కొత్త కొనుగోలుదారును రైతు ఎదుటికి తీసుకురావాలని రాయాలి.

ఆ కొనుగోలుదారు వచ్చిన రోజున ముగ్గురూ కలిసి మరో ఒప్పందం రాసుకోవాలి. రైతుకు ఇంతవరకు ఎంత ముట్టిందో రైతే అందులో ఒప్పుకుంటాడు. మిగతా సొమ్మంతా కొనేవాడి బ్యాంకు ఖాతా నుంచి నేరుగా రైతు ఖాతాకు వెళ్తుంది. మధ్యవర్తి ప్రతిఫలం 30 లక్షలైతే 30 లక్షలని అంకెల్లో, అక్షరాల్లో రాసి, అదీ బ్యాంకు ద్వారానే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు మీద సంతకాలు పడ్డాకే ఇవ్వాలి. ఈ చివరి షరతు అన్నింటికంటే ముఖ్యం. బేరం చెడితే మధ్యవర్తికి దక్కేది సున్నా అని తెలిసినప్పుడు, ఆడపడుచు వాటా సంగతి అతనే ముందు అడుగుతాడు, సర్వే తేడా అతనే ముందు పట్టుకుంటాడు. కొనేవాడి డబ్బుతో తన బయానా వెనక్కి తీసుకునే దారి మూసుకుపోతుంది. పన్ను లెక్కా సరిపోతుంది. రైతు 1.20 కోట్లకు, మధ్యవర్తి 30 లక్షలకు, కొనేవాడు మొత్తం 1.50 కోట్లకు ఎవరి కాగితం వాళ్లు చూపగలరు.

ఇలా చేస్తే తేడా తగ్గిపోతుందని మధ్యవర్తులు అంటారు. కొన్ని బేరాల్లో తప్పకుండా తగ్గుతుంది. 60 లక్షల భూమి 75కు పోతోందని ఎదురుగా చూసిన రైతు తర్వాతి బేరంలో 65 అడుగుతాడు. అడగాలి కూడా. తగ్గే ఆ భాగం అజ్ఞానం నుంచి వచ్చినది. నిలిచే భాగం పనితనం నుంచి వచ్చినది. చిక్కులున్న భూమిని విప్పి, నమ్మకమైన పార్టీని తెచ్చి, చెప్పిన గడువులో రిజిస్ట్రేషన్ దాకా నడిపించే మనిషికి రైతూ కొనేవాడూ ఇద్దరూ సంతోషంగా డబ్బిస్తారు, మళ్లీ అతని దగ్గరికే వస్తారు. కాబట్టి బయానా పుచ్చుకునే ముందు రైతూ, అడ్వాన్సు ఇచ్చే ముందు కొనేవాడూ ఒకే ప్రశ్న అడగాలి: ‘ఈ బేరం చెడితే నీకు పోయేది ఎంత?’ ఏమీ పోదని తేలితే ఆ కాగితం మీద సంతకం పెట్టకూడదు. ఎంత పోతుందో లెక్కగా చెప్పి, ఆ మాటను అగ్రిమెంటులో రాసే మధ్యవర్తికి మాత్రం అతని లాభం ఇవ్వడానికి ఎవరూ వెనుకాడనక్కర్లేదు.